ఇద్దరి కోసం కొన్నారు నన్ను

నేను ఒక కాఫీ మెషిన్‌ని. మామూలు మెషిన్ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కడుపులో రెండు బాయిలర్లున్నదాన్ని. ఒకదాని వేడినీళ్ళు కాఫీ దించడానికి, రెండోదాని ఆవిరి పాలు నురగెత్తించడానికి. ఒకే బాయిలర్ ఉన్న నా చుట్టాలు ముందు కాఫీ దించి, ఆవిరి కోసం మళ్ళీ వేడెక్కాలి. నేను రెండు పనులూ ఒకేసారి చేస్తాను. పొగరనుకుంటే అనుకోండి.

సముద్రాల అవతల ఎవరో నా స్టీలు ఒళ్ళు వంచారు, గొట్టాలు బిగించారు, నీళ్ళు పోసి పరీక్షించి, తుడిచి పెట్టెలో పెట్టారు. ఓడ దిగి విశాఖపట్నంలో ఒక షోరూమ్ చేరాను. మనుషుల్ని అక్కడే బాగా చూశాను. కొందరు పుచ్చకాయను తట్టినట్టు నన్ను తట్టేవాళ్ళు. కొందరు వీడియోలు చూసి వచ్చి, సేల్స్‌మన్‌కే పాఠాలు చెప్పి, చివరికి మిక్సీ కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. అందరూ మెచ్చుకున్నారు, ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు. షట్టరు దించినప్పుడల్లా ఎవరి వంటింటికైనా చేరాలని బెంగగా ఉండేది.

అప్పుడొచ్చారు హైమవతి, వకుళ. విజయనగరం అక్కచెల్లెళ్ళు. పెళ్ళి ఊసెత్తకుండా ఒకే ఇంట్లో నలభై దాటినవాళ్ళు. అక్క పళ్ళ డాక్టరు. రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపిస్తుంది, తను మాత్రం అవసరమైనా నోరు తెరవదు. చెల్లెలు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఇద్దరి మాటలూ తనే మాట్లాడేస్తుంది.

"ఇద్దరేగా మేడమ్, సింగిల్ బాయిలర్ సరిపోద్ది," అన్నాడు సేల్స్‌మన్, అమ్ముకోవడం చేతకాక.

"నాది నల్ల కాఫీ, దానిది పాల కాఫీ," అంది హైమ. "ఒకళ్ళు తాగుతుంటే ఇంకొకళ్ళు చూస్తూ కూచోడం మాకు అలవాటు లేదు. ఇద్దరం ఒక్కసారే తాగాల."

అక్క నోట అంత పొడుగు మాట విని వకుళ పకపకా నవ్వింది. నన్ను కారు వెనకసీట్లో నిలబెట్టి, సీటు బెల్టు కూడా పెట్టి తీసుకెళ్ళారు.

ఆ వంటింటి పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొట్టాలు జివ్వుమంటాయి. ఒక పక్క నల్లటి ధార, ఇంకో పక్క పాలలో ఆవిరి బుసలు, వాటిని మించి వకుళ గొంతు. ప్రిన్సిపాల్ మీద ఫిర్యాదులు, పెరట్లో చామంతులకి పట్టిన పేనుబంక, పక్కింటివాళ్ళ గొడవలు. హైమ "ఊ" కొట్టేది. ఆ "ఊ"లో ఎంత సుఖముందో నాకు తెలుసు. వకుళకి తెలుసో లేదో.

తర్వాత కాకినాడ నుంచి ఒక సంబంధం వచ్చింది. భార్య పోయిన లెక్చరరు, నెమ్మదస్తుడు. వకుళకి నచ్చాడు. "ఏటంటావక్కా?" అని నా ముందే అడిగింది.

"నీ ఇష్టం. నన్నడుగుతావేటే?" అంది హైమ. కడిగిన నా ట్రేనే మళ్ళీ కడిగింది. లోపలి ఒత్తిడి చూపించే ముల్లు నా మొహాన ఉంది. ఆమె మొహాన అలాంటిదేమీ లేదు.

పెళ్ళయి వకుళ కాకినాడ వెళ్ళిపోయాక హైమ నా రెండో బాయిలర్ స్విచ్ ఆపేసింది. అలా ఒక్కదాన్నే ఆపే సౌకర్యం నాకుంది. లేకపోతే బాగుండేదనిపించింది. సగం ఒళ్ళు చల్లగా పెట్టుకుని ఒక్క కప్పు దించేదాన్ని. పాలగిన్నెకీ, ఆ గొంతుకీ మొహం వాచిపోయాను.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున హైమ ఆ స్విచ్ వేసింది. వకుళ వచ్చిందేమోనని గుమ్మం వైపే చూశాను. ఎవరూ లేరు. నురగెత్తించడం చేతకాక హైమ గోడంతా పాలు చిందించింది. ఊళ్ళో పిల్లలందరికీ పంచదార వద్దని చెప్పే మనిషి, వకుళ వేసుకున్నట్టే దండిగా వేసుకుంది. కషాయం తాగినట్టు మొహం పెట్టి, ఆఖరి చుక్కదాకా తాగింది. అప్పట్నించీ రోజూ అదే. ఫోన్లో మాత్రం "ఆ, బానే ఉన్నాను," అనేది.

వేసవిలో ఒక్కరోజు పరీక్ష డ్యూటీ పడి వకుళ వచ్చింది. మర్నాడే వెళ్ళిపోవాలంది. తెల్లారేసరికి హైమ చిక్కటి పాలు సిద్ధం చేసింది. నేను ఆవిరి పట్టి కాచుక్కూచున్నాను.

వకుళ జడ అల్లుకుంటూ వచ్చింది. "నాకు పాలొద్దక్కా. నల్లదే ఇయ్యి."

హైమ చేతిలో పాలగిన్నె అలాగే ఉండిపోయింది. నాకైతే కోపం ముంచుకొచ్చింది. ఆ ఇంటికెళ్ళి మనిషే మారిపోయిందనుకున్నాను.

"అక్కడందరివీ పాలకాఫీలే," అంది వకుళ. "పొద్దున్నే నల్లది తాగుతుంటే నువ్వు పక్కనున్నట్టుంటాది. మొదట్లో చేదనిపించీది. ఇప్పుడదే కావాల."

హైమ చెల్లెలికి నల్లది దించింది. తన కప్పులో పంచదార వేసుకుని, ఆవిరి తిప్పి, చుక్క చిందకుండా పాలు నురగెత్తించింది. వకుళ కళ్ళప్పగించి చూసింది.

"నువ్వెప్పట్నించి తాగుతున్నావిది?"

"నువ్వెళ్ళాక." హైమ కప్పులో నురగని చెంచాతో కలిపింది. "నువ్వు లేకపోతే నాకు బాగోట్లేదే వకుళా."

వకుళ కళ్ళు నిండిపోయాయి. "నాకూ బాగోట్లేదక్కా. కానీ ఆయన మంచోడు."

బయట ఆటో హారన్ కొట్టింది.

"తెలుసు," అంది హైమ. లేచి కిటికీలోంచి ఆటోవాణ్ణి కాసేపు ఆగమంది. ఇంకో కప్పు అడుగుతారేమోనని నేను రెండు బాయిలర్లూ వేడిగానే పెట్టుకున్నాను.