తాత జబ్బలో చిట్టెలుక

ఆసుపత్రిలో విరిగిన చేతి పిండికట్టు విప్పి చూసుకునేసరికి సెలూన్ తాత గుండె గుభేలుమంది. పొద్దస్తమానం కత్తెర పట్టి గాల్లో నిలబడ్డ కుడిచెయ్యి, ఇప్పుడు చూస్తే ఎండుపుల్ల! భుజం దాకా లేపబోతే సగంలోనే వణికి కిందపడింది.

"నా పని అయిపోయిందమ్మా," అన్నాడు ఫిజియోథెరపీ అమ్మాయితో, కళ్ళ నీళ్ళు పెట్టుకుని. కత్తెర పట్టలేకపోతే ఇంక ఆయన బతుకేం బతుకు!

పక్కనే మనవరాలు. జుట్టు కళ్ళ మీద పడి దారి కూడా కనబడటం లేదు. తాత తప్ప ఇంకెవరు కత్తెర పట్టినా ససేమిరా అంటుంది, గడుగ్గాయి.

"ఏమీ అయిపోలేదు తాతగారూ," నవ్విందా అమ్మాయి. "కండని ఇంగ్లీషులో మజిల్ అంటాం కదా, ఆ మాట లాటిన్ అనే పాత భాష నుంచి వచ్చింది. అసలు అర్థం చిట్టెలుక! చెయ్యి మడిచినప్పుడు చర్మం కింద ఎలుక పరిగెత్తినట్టు ఉంటుందని ఆ పేరు పెట్టారట. మీ ఎలుక ఎక్కడికీ పోలేదు, కట్టులో పడుకుని బద్ధకించింది. రోజూ ఈ ఇసుక సంచి ఎత్తండి, అదే లేస్తుంది."

తాత నవ్వేశాడు. మనవరాలు నవ్వలేదు. ఎలుకంటే ఎలుకే దానికి!

సెలూన్‌కి చేరారో లేదో, కుర్చీ కింద హాయిగా నిద్రపోతున్న పిల్లిని బయటికి తరిమి తలుపేసింది. ఆ పిల్లి, పాపం, ఏ పాపమూ ఎరగదు.

"అదేం చేసిందే?" అన్నాడు తాత.

"పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని నువ్వేగా చెప్పావు!" అని దబాయించింది.

అంతటితో ఆగిందా? తాత సంచి ఎత్తినప్పుడల్లా జబ్బ మీద బిస్కెట్ పొడి చల్లి, "తిను బంగారం, తిను," అని బుజ్జగించేది. చీమలు లేచాయి గానీ ఎలుక లేవలేదు. అయినా ఆ పిల్ల చూస్తుండగా చెయ్యి దించేయడానికి మనసొప్పక, తాత పళ్ళబిగువున మళ్ళీ ఎత్తేవాడు.

కొన్ని వారాలు గడిచాక ఒక ఉదయం కుర్చీ చేతుల మీద చెక్క పలక వేసి మనవరాల్ని కూర్చోబెట్టాడు. మెడకి గుడ్డ చుట్టి, కత్తెర అందుకున్నాడు. చెయ్యి లేచింది. వణికింది. నిలబడింది! కత్తెర టకటకా ఆడింది, కళ్ళ మీది జుట్టు ఒళ్ళో రాలింది.

ఎదుటి అద్దంలో మనవరాలి కళ్ళు ఇంతింతయ్యాయి. "తాతా, కదిలింది! ఎలుక పరిగెత్తింది!"

"కదలకే తల్లీ, చెవి తెగుతుంది," అంటూ తాత ఏడుస్తూనే నవ్వాడు. ఎన్నాళ్ళయిందో అంత సంతోషపడి!

పని పూర్తయ్యాక అది జుట్టు దులుపుకుని కుర్చీ దిగింది. తిన్నగా వెళ్ళి తలుపు బార్లా తెరిచింది.

"రావే పిల్లీ, ఇంక లోపలికి రా. మా ఎలుకని పట్టుకోవడం నీ వల్ల కాదులే!"