సమాధి పాటకు లేచిన నలుగురు

నాటకం హాల్లో దీపాలు ఆరిపోతుండగా విక్టర్ తెర పక్కనుంచి వచ్చి భార్య చెవిలో గుసగుసలాడాడు.

"ఎనిమిదో పాటకి ట్యూను కుదరనేదే. మన సమాధి పాట ట్యూను ఏసీసినాను."

ఎలీసమ్మ అతని చొక్కా పట్టుకుని ఆపింది. "ఓలమ్మ! పెల్లి పాటకా?"

"దరువు మార్సీసినాను. ఎవుడికీ తెలీదులే," అని అతను హార్మోనియం దగ్గరకు జారుకున్నాడు.

తెలియకుండా ఎలా ఉంటుంది? ముందు రెండు వరసలూ నౌపడ చర్చివాళ్లే. మా ఆయన సంగీతం వినండని ఎలీసమ్మే అందరినీ బస్సెక్కించి శ్రీకాకుళం తెచ్చింది. పక్క కుర్చీలో సంఘపెద్ద ధనరాజ్ గారు చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. చర్చి పాటలు బయట వాయించినవాడు మళ్లీ గుడిలో హార్మోనియం ముట్టుకోకూడదని ఆయన ఆజ్ఞ. అది ముట్టుకోని ఆదివారం విక్టర్‌కు అన్నం సయించదు.

నాటకానికి మూలం నౌపడ ఉప్పు మళ్ల మీద ఓ లెక్చరరు రాసిన నవల. ఎలీసమ్మ దాన్ని రెండుసార్లు చదివి రెండుసార్లూ ఏడ్చింది. నవల్లో కుర్రాడు పెళ్లి మాట ఎత్తగానే జడిసి రైలెక్కి పారిపోతాడు. దర్శకుడు నరసింగరావుకు అది నచ్చలేదు. టిక్కెట్టు కొన్నవాళ్లను ఏడిపించి పంపడమేమిటని చివర పెళ్లి పెట్టాడు, పెళ్లికో పాట పెట్టాడు. ఉప్పు ఎత్తే పిల్లకు పట్టుచీర కూడా కట్టాడు.

ఏడు పాటలూ బాగానే గడిచాయి. ఎనిమిదోది మొదలైంది. థర్మాకోల్ ఉప్పుకుప్పల మధ్య, వడదెబ్బ తగిలి మంచం మీద పడున్న కుర్రాడి వేషంలోని నరేష్‌ను, పిల్ల వేషంలోని పద్మజ పాట పాడి లేపి పెళ్లిదండ వెయ్యాలి. మొదటి చరణానికి ధనరాజ్ గారి కర్ర నేల మీద తాళం వేసింది. రెండో చరణానికి వెనక వరసలోని దానమ్మ ముక్కు చీదింది. ఎందుకు ఏడుస్తోందో ఆవిడకే తెలిసినట్టు లేదు.

మూడోది వస్తుంటే ఎలీసమ్మ కళ్లు మూసుకుంది. సంఘంలో ఎవరు పోయినా ఆ చరణానికే అందరూ లేస్తారు. ఆ చరణానికే నలుగురు ముందుకెళ్లి శవపెట్టె ఎత్తుతారు.

కుర్చీలు కిర్రుమన్నాయి. రెండు వరసలూ లేచి తలలు వంచి నిలబడ్డాయి. ఎప్పుడూ పెట్టె మోసే నలుగురూ చొక్కా చేతులు మడుచుకుంటూ, నిద్రలో నడిచినట్టు వేదికెక్కారు. ఇద్దరు తలవైపు, ఇద్దరు కాళ్లవైపు. మంచం లేచింది.

నరేష్ ఒక కన్ను తెరిచాడు. "ఎవుల్రా మీరు?"

"కదలకు బాబూ, జారిపోతావు," అన్నాడు తలవైపు వాడు.

నరేష్ మంచం మీంచి ఎగిరి, ఉప్పుకుప్పను చీల్చుకుని, హాలు గుమ్మం దాటి పరుగో పరుగు. పద్మజ పూలదండ పట్టుకుని నిలబడిపోయింది. హాలంతా ఈలలు, చప్పట్లు.

"నవల్లోనూ ఇంతే! అచ్చం ఇంతే!" అని నాటకం చూడ్డానికొచ్చిన లెక్చరరు కుర్చీ ఎక్కి అరిచాడు. నరసింగరావు గబగబా తెర దించేశాడు.

ధనరాజ్ గారు కర్ర టకటకలాడించుకుంటూ హార్మోనియం దగ్గరకు నడిచారు. ఎలీసమ్మ వెంటపడింది.

"ఒరే విక్టరూ, ఆ పాటేటిరా?"

విక్టర్ హార్మోనియం మూసి లేచి నిలబడ్డాడు. "మనదే బాబూ. తప్పైపోనాది."

"ఈ ఒక్కపాలికి ఒగ్గీయండి బాబూ," ఎలీసమ్మ చేతులు జోడించింది. "గుడిలో వాయించొద్దంటే ఇంటికాడ నా బిందెల మీద వాయించి నన్ను సంపేస్తాడు."

పెద్దాయన ఆవిడ వైపు చూడనైనా లేదు. "గుడిలో ఆ పాటని సాగదీసి సాగదీసి వాయిస్తావు. సచ్చినోడికే ఇసుగొస్తాది. ఇక్కడేటి, ఇంత హుషారుగా వాయించినావు?"

"మరి... పెల్లి పాట కదా బాబూ."

ఆయన కాసేపు కర్రతో థర్మాకోల్ ముక్కలను పక్కకు నెట్టారు. "నాను పోయిననాడు ఇలాగే వాయించాల. అందాకా గుడిలో హార్మోనియం నీదే. మాటియ్యి."

"అలాగే బాబూ!" విక్టర్ మొహం వెలిగిపోయింది. "డోలు గూడా ఎట్టిస్తాను! రేపే ఓపాలి రిహార్సలేసీమంటారా?"

"ఒరే," అన్నారు ధనరాజ్ గారు, "నాను ఇంకా బతికే ఉన్నానురా."