ఒకే పగులుకు మూడు పేర్లు

మాస్టారు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రచన బోధించేవారు. లెక్కలకీ యంత్రాలకీ మధ్య పిల్లలు నాలుగు వాక్యాలు తిన్నగా రాయడం కూడా నేర్చుకోవాలని ఎప్పుడో ఎవరో పెట్టిన తరగతి అది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉండేది. వెనక బెంచీల్లో నిద్ర, ముందు బెంచీల్లో మర్యాదగా నిద్ర. అయినా ఆయన ఏళ్ల తరబడి పాఠం ఎక్కడా కుదించకుండా చెప్పుకొచ్చారు. ఆయన ఎర్రసిరా అంటే కాలేజీ అంతటికీ భయం. ఒక పేరాలో ఒకే మాట రెండోసారి కనిపించిందా, దాని చుట్టూ సున్నా చుట్టి పక్కన 'పునరుక్తి' అని రాసేవారు. పిల్లలు చాటుగా 'సున్నా సారు' అనుకునేవారు.

ఆయన తోడల్లుడు వంతెనల ఇంజనీరు. వంతెనలు కట్టడం అతని పని కాదు. కట్టినవి ఎలా ఉన్నాయో చూసి రిపోర్టు రాయడం. నిచ్చెన వేసుకుని స్తంభాల కిందికి దూరి, సుత్తితో తట్టి, చప్పుడు విని, కొలతలు తీసుకుని వచ్చేవాడు. వయసులో బాగా చిన్న. మాస్టారి మరదల్ని చేసుకుని ఆ ఇంటి చిన్నల్లుడైనప్పటి నుంచీ మాస్టార్ని "అన్నయ్యా" అని నోరారా పిలిచేవాడు. అతనిలో వంక పెట్టడానికి ఏమీ లేకపోవడమే మాస్టారికి పెద్ద వంకగా తోచేది.

చిక్కు మామగారి వల్ల వచ్చింది. ఆయన ఒక పత్రికాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఆయన నోట మెచ్చుకోలు రాబట్టడమంటే ఇసుకలోంచి నూనె పిండడమే. మాస్టారు తన వ్యాసాల పుస్తకం అచ్చయిన రోజున మొదటి కాపీ తీసుకెళ్లి చేతిలో పెడితే, అటూ ఇటూ తిప్పి, పేజీ అంచు వేళ్ల మధ్య నలిపి చూసి, "మంచి కాగితం వాడారు బాబూ" అన్నారు. అంతే. అలాంటి మనిషి ఒక ఆదివారం అల్లుళ్లిద్దరూ ఎదురుగా ఉండగా కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని నోరు విప్పారు.

"చిన్నల్లుడు గారి రిపోర్టు ఒకటి చదివాను. ఒక్క ముక్క తీసేద్దామన్నా వీల్లేదు, చేరుద్దామన్నా వీల్లేదు. నా సర్వీసులో అలాంటి రాత ఎప్పుడోగాని తగల్లేదు."

ఇంజనీరు సిగ్గుపడ్డాడు. "వంతెనల గొడవ కదా మామయ్యగారూ, అందులో రాతేముంది?"

మాస్టారు నవ్వారు. ఆ నవ్వు పట్టి ఉంచేసరికి దవడలు నొప్పెట్టాయి.

తిరిగి వస్తూ బస్సులో భార్యతో అన్నారు: "కొలతలు వరసగా పేర్చడం కూడా రాతేనా? అలాగైతే చాకలిపద్దు కూడా రాతే."

"మరి మీకెందుకండీ అంత మంట?"

"మంటా? నాకేం మంట? ఉన్నమాట అన్నాను."

"సరే, లేదులెండి. లేవండి, మన స్టాపు ఎప్పుడో దాటిపోయింది."

మామగారూ కాలేజీ ప్రిన్సిపాలూ పొద్దున్నే ఒకే పార్కులో నడిచేవారు. ఆ మాట అక్కణ్నుంచి కాలేజీకి చేరడానికి ఎన్నాళ్లో పట్టలేదు. ప్రిన్సిపాల్ మాస్టార్ని గదికి పిలిపించారు.

"డాక్టరు రాసే రాత వేరు, లాయరు రాసే రాత వేరు, ఇంజనీరు రాసేది వేరు. మనం అందరికీ ఒకే పాఠం చెబుతున్నాం. ఈసారి సివిల్ పిల్లలకి ఆ పనిలో ఉన్నవాళ్లతోనే నేర్పిద్దామనుకుంటున్నాను. మీ తోడల్లుడు గారిని అడిగాను. మీరు సరేనంటేనే వస్తానన్నారు."

ఆ చివరి మాట పుండు మీద కారం చల్లినట్టయింది. కాదనే దారి కూడా అతనే మూసేశాడు. "మంచిదేగా, నాకూ భారం తగ్గుతుంది" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రమే ఇంజనీరు ఇంటికి వచ్చాడు. "నాకు పాఠం చెప్పిన అలవాటు లేదు అన్నయ్యా. ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

"నిర్వచనాలతో మొదలుపెట్టు" అన్నారు మాస్టారు. "వాక్యమంటే ఏమిటి, పేరా అంటే ఏమిటి. మొదటి నెలంతా అదే చెప్పు. పునాది గట్టిగా ఉండాలి కదా." ఆ పాఠానికి ఎంతమంది తలలు వాలతాయో ఆయనకు బాగా తెలుసు. ఇంజనీరు శ్రద్ధగా తలూపి వెళ్లాడు.

మొదటి తరగతి రోజున మాస్టారు స్టాఫ్ రూములో కిటికీ పక్కకి కుర్చీ జరుపుకున్నారు. గాలి కోసమని తనకు తానే చెప్పుకున్నారు. కాసేపటికి సివిల్ పిల్లలంతా బిలబిలమంటూ బయటికొచ్చి వర్క్‌షాపు వెనక గోడ దగ్గరికి పరిగెత్తారు. బోర్డు ముందు నిలబడగానే ఇంజనీరుకి నిర్వచనాలన్నీ మరుపున పడ్డాయట. ఏం చేయాలో తోచక అందరినీ బయటికి తీసుకొచ్చాడు.

అది పాత గోడ, నిండా పగుళ్లు. ఒక్కొక్కరూ ఒక పగులు ఎంచుకుని, అది ఎక్కడుందో ఎలా ఉందో రాయాలి. కాగితం ఇంకొకరికి ఇవ్వాలి. వాళ్లు చదివి ఆ పగులు మీదే వేలు పెట్టాలి. రాసినవాళ్లు మాత్రం నోరు మెదపకూడదు.

"పెద్ద పగులు అని రాశావు. చీమకి పెద్దదా, ఏనుగుకి పెద్దదా?" అని ఒక అమ్మాయి అడుగుతోంది. అందరూ విరగబడి నవ్వుతున్నారు. మాస్టారి తరగతిలో ఏడాదంతా వెనక బెంచీలో నిద్రపోయిన కుర్రాడు గోడకి ఆనుకుని రాసింది చింపేసి, ఎవరూ అడక్కుండానే మళ్లీ రాస్తున్నాడు. మాస్టారు కిటికీ రెక్క సగం మూసి, మళ్లీ తెరిచారు. తను ఇన్నేళ్లలో ఎవరిచేతా ఒక్క వాక్యం తిరగరాయించలేకపోయారు, మార్కులు కోస్తానని బెదిరిస్తే తప్ప.

కాలేజీ పత్రికకు వచ్చే వ్యాసాలు మాత్రం ఇంకా ఆయనే దిద్దేవారు. ఆ అమ్మాయే ఒకరోజు తన వ్యాసం పట్టుకొచ్చింది.

"ఇక్కడ సున్నా చుట్టారు సార్. కానీ ఒక వస్తువుకి ఒకే పేరుండాలని ఇంజనీరు సార్ చెప్పారు. పేరు మారిస్తే చదివేవాళ్లు వస్తువే మారిందనుకుంటారట."

"అది వంతెనలకమ్మా. సాహిత్యానికి కాదు."

"నేను రాసింది నీళ్ల ట్యాంకు మరమ్మతు గురించి సార్."

మాస్టారు ఆ కాగితం మళ్లీ మొదటి నుంచి చూశారు. ఆ పిల్ల వినయంగానే నిలబడి ఉంది. అదే ఇంకా కష్టమనిపించింది.

ఇలా ఉండగా ఇంజనీరు ఒక సాయంత్రం హడావిడిగా వచ్చాడు. చేతిలో బజారు పక్కన కాలువ మీదున్న వంతెన రిపోర్టు.

"పైఆఫీసుకి కొత్తాయన వచ్చారు అన్నయ్యా. నా భాష మొరటుగా ఉంటుందన్నారట. రేపు పొద్దున్నే పంపాలి. మీ చెయ్యి ఒకసారి పడితే..."

"నీ రాతలో తీసేయడానికేమీ ఉండదని మామయ్యగారే అన్నారు కదా" అన్నారు మాస్టారు. అన్నాక ఆపుకోలేకపోయినందుకు కాస్త సిగ్గేసింది. కాగితాలు తీసుకున్నారు.

భోజనాల బల్ల తుడిపించి, దీపం దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. రిపోర్టులో ఇలా ఉంది: 'మూడో స్తంభం తలభాగంలో పగులు ఉంది. ఈ పగులు వెడల్పు పెరుగుతోంది. ఈ పగులు పూడ్చేదాకా బరువు లారీలను వంతెన మీదికి అనుమతించకూడదు.' మూడు వాక్యాల్లో మూడు పగుళ్లు. ఇలాంటి రాతనా మామగారు అంతగా మెచ్చుకున్నది? మాస్టారు ఉత్సాహంగా కలం తీశారు. రెండో పగులును 'బీట' చేశారు. మూడోదాన్ని 'నెర్రె' చేశారు. 'అనుమతించకూడదు' అన్నది పైఅధికారిని గద్దించినట్టుంది. దాన్ని 'అనుమతించకుండుట శ్రేయస్కరం' అని మార్చారు. పేజీ తర్వాత పేజీ అలాగే సాగింది. చాలా కాలానికి రాస్తూ ఉంటే ఆయనకు ఆకలి గుర్తు రాలేదు. ఇదిగో, రాతంటే ఇదీ అనుకున్నారు. మామగారు ఇది చదివితే బాగుండును అని కూడా అనుకున్నారు.

పొద్దున్న ఇస్తూ, "కాస్త మెరుగుపెట్టాను. ఒకసారి చూసుకో" అన్నారు.

"మీరు చూశాక నేను చూసేదేముంది అన్నయ్యా" అని ఇంజనీరు పట్టుకెళ్లాడు.

కొద్దిరోజుల తర్వాత ఆ వంతెన మీదుగా ఇసుక లారీ ఒకటి వెళ్లింది. మూడో స్తంభం తల దగ్గర కాంక్రీటు పెచ్చు ఊడి, కింద కాలువగట్టు వెంబడి సైకిలు మీద వెళుతున్న ఒక దర్జీ భుజం మీద పడింది. ప్రాణాపాయం తప్పింది గానీ మెడకింద ఎముక విరిగింది. వంతెన మూసేశారు.

మాస్టారికి ఆ సంగతి భార్య చెప్పింది, చెల్లెలితో ఫోనులో మాట్లాడి వచ్చి.

"మరిదిగారిని ఆఫీసుకి రావద్దన్నారట. లారీలు ఆపమని రిపోర్టులో గట్టిగా రాయలేదట. ఏదో సలహా ఇచ్చినట్టు రాశారట."

"ఎలా రాశాడట?" అడిగారు మాస్టారు.

"శ్రేయస్కరం అనట." ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. "ఆ మాట మన రెండిళ్లలోనూ మీరు తప్ప ఎవరు వాడతారండీ?"

ఆయన లేచారు. చెప్పులేసుకుని తోడల్లుడి ఇంటికి వెళ్లారు. ఇంజనీరు వరండాలో కూర్చుని కూతురి బూట్లకు లేసులు ఎక్కిస్తున్నాడు. లేచి కుర్చీ వేశాడు.

"నా పేరు చెప్పావా?" అన్నారు మాస్టారు.

"ఎందుకన్నయ్యా? సంతకం నాది."

"నా మీద కోపం లేదూ?"

"కోపం తెచ్చుకుంటే ఆ దర్జీ ఎముక అతుక్కుంటుందా?"

తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికి నడుస్తూ మాస్టారు తనను తాను చూసి నిర్ఘాంతపోయారు. పశ్చాత్తాపం ఉంది, భయం ఉంది. వాటి పక్కనే, చల్లారని నిప్పులా, ఆ అసూయ కూడా ఉంది. వాడు ఇందులో కూడా తన కంటే మంచివాడిగా నిలబడ్డాడు. ఆ మంచితనం కూడా తనకు దక్కకుండా పోయింది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్లారు. దర్జీ భుజానికి కట్టుతో మంచం మీద దిండ్లకానుకుని ఉన్నాడు. "మీరెవరండీ?" అన్నాడు. మాస్టారు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పారు: ఏ మాట ఉండేదో, తను ఏ మాట పెట్టారో.

ఆ మనిషికి చాలాసేపు అర్థం కాలేదు. "రాత తప్పితే రాయి పడుతుందా అండీ?" అని నిజంగానే తెలుసుకోగోరి అడిగాడు.

"పడిందండీ" అన్నారు మాస్టారు.

అక్కణ్నుంచి నేరుగా విచారణ జరుగుతున్న ఆఫీసుకి వెళ్లి, పిలవకపోయినా లోపలికి నడిచి, అదే మళ్లీ చెప్పారు. మరమ్మతు మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. "పగులూ, బీటా, నెర్రే మూడనుకున్నాం సార్. ఒకటి కనబడింది. మిగతా రెండూ దొరికాక ఒకేసారి పూడుద్దామని వెతుకుతూ ఉండిపోయాం" అన్నాడు. అధికారి కాగితాలు మూసి, "మాస్టారూ, మీ నిజాయితీకి సంతోషం. కానీ సంతకం పెట్టినవాడు చదవాలి కదా" అన్నాడు. ఇంజనీరుని కొన్నాళ్లు తనిఖీల నుంచి తప్పించి, ఆఫీసులో పాత పటాలు సర్దే పనిలో వేశారు.

విచారణకి వచ్చిన ఇంజనీరు బయట మెట్ల మీద మాస్టారి కోసం ఆగాడు. తల వంచుకునే అన్నాడు.

"మీకో మాట చెప్పాలి. నేను చదవకుండా సంతకం పెట్టలేదు. మొత్తం చదివాను. ఆ 'శ్రేయస్కరం' దగ్గర ఆగాను కూడా. మెత్తబడిందని తెలిసింది. కానీ ఎంత బాగుందో అనిపించింది అన్నయ్యా. ఇంట్లో మీరు నోరు విప్పితే అందరూ మాటలాపి వింటారు. నేను మాట్లాడితే మా ఆవిడే టీవీ చూస్తుంది. ఒక్కసారైనా నా పేరు కింద అలాంటి భాష ఉంటే చూసుకుందామనిపించింది. మార్చబుద్ధి కాలేదు."

మాస్టారు మెట్టు మీదే కూర్చుండిపోయారు. ఇన్నాళ్లూ తను ఎవరివైపు చూసి కుళ్లుకున్నారో ఆ మనిషి తనవైపే చూస్తున్నాడు. నమ్మడానికి కాసేపు పట్టింది. నమ్మాక, చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, ముందుగా కలిగింది సంతోషమే. ఆ తర్వాత దర్జీ ముఖం గుర్తొచ్చింది.

"మనిద్దరి గొడవలో ఆయన భుజం విరిగింది" అన్నారు.

"అవునన్నయ్యా" అన్నాడు ఇంజనీరు.

కాలేజీలో ప్రిన్సిపాల్ సివిల్ తరగతిని మళ్లీ మాస్టారికే ఇచ్చేశారు. "పేపర్లో మీ తోడల్లుడు గారి పేరొచ్చింది. పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు" అన్నారు. మాస్టారు కోరుకున్నదే చేతికొచ్చింది. తీసుకోబోయారు కూడా. కానీ ఆ పిల్లలు తన ముందు మళ్లీ మర్యాదగా నిద్రపోవడం కళ్లకు కట్టింది.

"ఇద్దరం కలిసి చెబుతాం. తప్పు జరిగిన రిపోర్టే మొదటి పాఠం. అతను రాకపోతే నేనూ చెప్పను" అన్నారు. ప్రిన్సిపాల్ గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

మొదటి రోజు మాస్టారు బోర్డు మీద రాశారు: వద్దు. కూడదు. పనికిరాదు. మంచిది కాదు. మానుకుంటే శ్రేయస్కరం. "వీటిలో లారీ ఏ మాటకి ఆగుతుంది?" అని అడిగారు. వెనక బెంచీ కుర్రాడు, "రెండో మాట దాకా ఆగుతుంది సార్. మూడోదానికి హారన్ కొట్టి వెళ్లిపోతుంది" అన్నాడు. తరగతంతా నవ్వింది. ఏ మాట ఎవరి చెవిలో ఎలా పడుతుందో, అధికారికి, మేస్త్రీకి, డ్రైవరుకి, రోగికి, జడ్జీకి, మాస్టారు ఒక్కొక్కటే విప్పి చెప్పుకుంటూ పోయారు. ఎవరూ నిద్రపోలేదు. పక్క కుర్చీలో ఇంజనీరు చెంపకి చెయ్యి చేర్చుకుని వింటున్నాడు.

గంట కొట్టగానే పిల్లలంతా లేచి ఇంజనీరు చుట్టూ మూగారు. స్తంభాలనీ, నిచ్చెనలనీ, ఎంత ఎత్తు ఎక్కారనీ ఒకటే ప్రశ్నలు. మాస్టారి దగ్గరికి ఎవరూ రాలేదు. ఆయన పుస్తకాలు సర్దుకుంటున్నట్టు కాసేపు నటించారు. లోపల పాత అసూయ మళ్లీ తలెత్తింది; ఈసారి ఆయన దాన్ని గుర్తుపట్టారు గానీ ఆపలేకపోయారు. తర్వాత ఆ గుంపు వెనక వెళ్లి నిలబడి, ముందున్న అమ్మాయి భుజం మీదుగా, ఇంజనీరు ఏం చెబుతున్నాడో వినసాగారు.