ఐసు బాబాయి వేళ్ళు

రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్న రోజుల్లో, ఆ వీధి మొత్తానికి ఉన్ని టోపీ, మెడకు మఫ్లరు, చేతులకు ఉన్ని తొడుగులు వేసుకుని కూర్చున్న మనిషి ఒక్కడే. కూర్చున్నది ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో. ఫ్యాక్టరీ ఆయనదే. ఐసు కోసం వచ్చినవాళ్ళు ముందు ఆయన్ని చూసి నవ్వుకుని, ఆ తర్వాతే ఎన్ని దిమ్మలు కావాలో చెప్పేవాళ్ళు.

"లోపల అంత చలిగా ఉందా బాబాయ్? అయితే సరుకు మంచిదే" అనేది చేపలమ్మే ఆవిడ.

ఐసు బాబాయి నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. తల ఊపి ఊరుకునేవాడు. నోరు తెరిస్తే లోపలి చల్లదనం బయటికి పోతుందేమో అన్నట్టు ఉండేవాడు మొదట్నుంచీ. ఆయన మాట్లాడాల్సినవి కూడా కలిపి ఆయన భార్యే మాట్లాడేది. పెళ్ళయిన కొత్తలో దానంతటదే కుదిరిన ఏర్పాటు అది. ఇద్దరికీ సుఖంగానే ఉండేది.

అసలు సంగతేమిటంటే, ఆయనకు పెద్దపేగులో గడ్డ వచ్చింది. కోసి తీసేశారు. కంటికి కనపడని ముక్క ఎక్కడైనా మిగిలిపోయి మళ్ళీ మొలకెత్తకుండా కొన్ని నెలలపాటు మందులు ఎక్కించాలన్నారు. ఆ మందుల్లో ఒకటి ఆయన మీద పగబట్టినట్టు పనిచేసింది. అది ఒంట్లో పడ్డాక కొన్నాళ్ళపాటు చల్లటిది ఏది ముట్టుకున్నా వేళ్ళలో కరెంటు కొట్టినట్టుండేది. చల్లటి నీళ్ళు గుటక వేస్తే గొంతు పట్టేసి ఊపిరి ఆగినంత పనయ్యేది. అదే మందు ఏ కమ్మరికో పడితే మరి కాస్త కొలిమి దగ్గరకు జరిగి కాలం గడుపుకునేవాడు. బుద్ధెరిగిన నాటినుంచి ఐసు తప్ప మరో పని తెలియని మనిషికి వచ్చి పడింది.

అందుకని పనిలోకి ఆయన భార్య తమ్ముడు దిగాడు. బావమరిది మనసు మంచిది, చెయ్యి మొరటుది. ఉప్పునీళ్ళ తొట్టిలోంచి డబ్బాలు పైకి లాగడం, వాటిని మామూలు నీళ్ళలో ముంచి దిమ్మలు జార్చడం బాగానే చేసేవాడు. ముక్కలు కొట్టడం దగ్గరే వచ్చేది తంటా. రంపంతో పైన గాటు పెట్టి, గాట్లో ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే దిమ్మ తిన్నగా రెండు కావాలి. బావమరిది దెబ్బకు నానా ముక్కలై సగం కాళ్ళ మీద పడేది. ఐసు బాబాయి అయితే ఎడమ అరచెయ్యి దిమ్మకు ఆనించి, లోపల పగులు ఎటు నడుస్తోందో వేళ్ళతో కనిపెడుతూ కొట్టేవాడు. ఆ ఫ్యాక్టరీలో యంత్రాలు పాతవి, గోడలు పాతవి. ఉన్న ఆస్తి ఆ చేతులే.

ఆసుపత్రిలో మందు ఎక్కించే హాలు పొడవుగా ఉండేది. వరసగా వాలు కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఇనుప కొయ్యకు వేలాడే మందు సంచీ. ఐసు బాబాయి కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఆవిడ పక్కన స్టూలు వేసుకుని నర్సును పట్టుకునేది.

"అమ్మాయ్, జబ్బు వచ్చింది పేగులో కదా. మరి నోట్లో పుళ్ళెందుకు పడ్డాయి ఈయనకి? ఏం తిన్నా ఇనుప మేకు నమిలినట్టుందంటున్నారు. అనడం కాదులే, మొహం అలా పెడుతున్నారు."

నర్సు సూది సర్దుతూ చెప్పింది. "మందుకి కళ్ళు లేవు పెద్దమ్మా. ఎవరు తొందర తొందరగా ఒకటికి రెండవుతున్నారో వాళ్ళ మీద పడుతుంది. జబ్బు కణాలకి అదే పని కాబట్టి అవి దెబ్బతింటాయి. కానీ మనవాళ్ళల్లో కూడా తొందరవాళ్ళున్నారుగా. నోటి లోపలి పొర, పేగుల పొర, జుట్టు కుదుళ్ళు, రక్తం తయారుచేసే మూలుగ. వాళ్ళకీ తగుల్తాయి. మనవాళ్ళు పడి లేస్తారు, జబ్బు కణాలకి ఆ లేచే ఓపిక తక్కువ. అందుకే ఒక వాయి ఎక్కించి, మనవాళ్ళని లేవనిచ్చి, మళ్ళీ ఎక్కిస్తాం."

"మరి ఈ చలి మందు సంగతేంటి?"

"దాన్లో ప్లాటినం ఉంటుంది. కణం ఒకటి రెండవ్వాలంటే లోపలున్న దారానికి నకలు తీసుకోవాలి. ప్లాటినం పోయి ఆ దారానికి ముడేస్తుంది. ముడి పడ్డాక నకలు రాదు. ఇక ఆ కణం చావడమే."

"ప్లాటినం అంటే ఉంగరాలు చేస్తారే, అదా?"

"అదే పెద్దమ్మా."

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "విన్నారా? పెళ్ళినాటినుంచి ఒక్క మంచి ఉంగరం అడుగుతున్నా, చెవిన పెట్టారు కాదు. ఇప్పుడు చూడండి, మీరొక్కరే లోపల్నుంచి తొడుక్కుంటున్నారు."

పక్క కుర్చీలో మందు ఎక్కించుకుంటున్న బస్సు డ్రైవరు పెద్దగా నవ్వాడు. నవ్వితే కడుపులో తిప్పి, బేసిను దగ్గరకు లాక్కున్నాడు. బేసిను ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ నవ్వాడు.

వచ్చిన ప్రతిసారీ మందు పెట్టబోయే ముందు నర్సు ఐసు బాబాయిని ఒక మాట అడిగేది. "తాతగారూ, వేళ్ళు మొద్దుబారడం, తిమ్మిర్లు, అలాంటివి ఏమైనా ఉన్నాయా?"

"లేవు" అనేవాడాయన.

అబద్ధం ఆడాలని కాదు. ఐసు పనివాడికి వేళ్ళు మొద్దుబారడం ఒక బాధా? సాయంత్రానికి వేళ్ళు తనవి కానట్టు ఉంటేనే ఆ రోజు పని జరిగినట్టు. చిన్నప్పుడు పని నేర్చుకుంటూ తిమ్మిరెక్కిందని ఏడిస్తే, "అయితే పని వస్తోంది" అన్నాడు ఆయన తండ్రి. ఆ రోజునుంచీ దాన్ని జబ్బుల్లో కలపలేదు. మగ్గం మీద కూర్చునేవాణ్ణి నడుము నొప్పి ఉందా అని అడిగినట్టే అనుకున్నాడు.

ఇంతలో ఇంట్లో ఒక కొత్త ముచ్చట మొదలైంది. పొద్దున్నే చొక్కా తొడుక్కుని ఐసు బాబాయి వచ్చి భార్య ఎదురుగా నిలబడేవాడు. గుండీలు పెట్టమని అడగడు. నిలబడతాడంతే. మొదటిసారి ఆవిడ వింతగా చూసింది. ఆ తర్వాత, "ఈ వయసులో ఈ గారాలేంటండీ, ఎవరైనా చూస్తే నవ్వుతారు" అని విసుక్కుంటూనే, చెయ్యాల్సిన దానికన్నా నిదానంగా పెట్టేది. పొద్దున్నే తల కూడా ముందే దువ్వుకోవడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ గుమ్మంలో బావమరిది సలసల కాగే టీ స్టీలు గ్లాసుల్లో పోశాడు. తన గ్లాసు ఎత్తబోయి, "అమ్మో" అని వదిలేసి వేళ్ళు చెవికి పెట్టుకున్నాడు. చేపలమ్మే ఆవిడ గుడ్డ చుట్టి పట్టుకుంది. ఐసు బాబాయి తొడుగులు తీసి, నిండు గ్లాసును వట్టి చేత్తో పట్టుకుని తీరిగ్గా ఊదుకుంటూ కూర్చున్నాడు.

"మా బావది చెయ్యి కాదు, పట్టుకారు" అన్నాడు బావమరిది.

"మీ బావ దగ్గర నేర్చుకో. నువ్వు టీ గ్లాసుకే కుయ్యోమంటున్నావు" అంది చేపలమ్మే ఆవిడ.

ఐసు బాబాయికి కాస్త గర్వంగా కూడా అనిపించింది.

సాయంత్రం అన్నం పెడుతూ ఆవిడ ఆయన చెయ్యి చూసింది. వేళ్ళ నిండా బొబ్బలు.

"ఇదేంటండీ? ఎక్కడ కాల్చుకున్నారు?"

ఆయన కూడా అప్పుడే చూసుకున్నాడు. ఎక్కడ కాలిందో ఆలోచిస్తే గ్లాసు గుర్తొచ్చింది. ఐసు వల్ల ఎక్కిన మొద్దు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేలోపు దిగిపోతుంది. ఇది దిగలేదు. పైగా ఐసు ముట్టుకుని ఎన్నాళ్ళయింది? ముట్టుకోని ఐసుకు వేళ్ళు ఎలా మొద్దుబారతాయన్నది ఇన్నాళ్ళూ ఆయనకు తట్టనే లేదు.

ఆవిడ ఆయన మొహం చూస్తూ నెమ్మదిగా అడిగింది. "అయితే ఆ గుండీలు?"

"పట్టుకోలేకపోతున్నా."

ఆవిడ గరిటె కింద పెట్టింది. "నేనేమో ఈ ముసలితనంలో మీకు ముద్దొచ్చాననుకున్నా. పక్కింటావిడకి చెప్పుకున్నా కూడా. ఇప్పుడు ఆవిడకి ఏ మొహం పెట్టుకుని కనపడను?"

ఆయన బొబ్బల చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"సర్లెండి, రేపు ఎలాగూ ఆసుపత్రికేగా. నర్సమ్మాయితో చెప్తా."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"చెప్తే మందు ఆపేస్తారు. ఆపితే జబ్బు మళ్ళీ వస్తుంది. వేళ్ళు పోతే పోనీ."

"వేళ్ళు పోతే ఉలి ఎవరు పడతారు, మా తమ్ముడా? వారం తిరక్కుండా ఐసంతా పిండి చేసి పెడతాడు."

"నా మీద ఒట్టు. అక్కడ ఒక్క మాట అన్నావంటే ఊరుకోను."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "సరే. ఒక్క మాట కూడా అనను" అంది.

అన్నట్టే చేసింది. మర్నాడు ఇల్లు కదిలిన దగ్గర్నుంచి నోరు కట్టేసుకుంది. బస్సులో పక్క సీటామె పలకరిస్తే చిన్నగా నవ్వి కిటికీ వైపు తిరిగింది. ఆసుపత్రి గుమ్మంలో ఎప్పుడూ పిల్లల కబుర్లు అడిగే కాపలావాణ్ణి దాటుకుని వెళ్ళిపోయింది. అతను లేచి నిలబడి వెనకనుంచి చూస్తూ ఉండిపోయాడు. హాల్లో స్టూలు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ మీద గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

నర్సు మందు సంచీ పట్టుకుని వచ్చింది. "ఏం పెద్దమ్మా, పోయిన వాయికి వాంతులు ఎలా ఉన్నాయి తాతగారికి?"

ఆవిడ గడియారాన్నే చూస్తోంది.

"పెద్దమ్మా?"

పక్క కుర్చీలో బస్సు డ్రైవరు తల ఎత్తాడు. "పెద్దమ్మ మాట్లాడట్లేదేంటి? సిస్టరుగారూ, ముందు ఆవిడ సంగతి చూడండి. ఇది మంచి లక్షణం కాదు."

నర్సు సంచీ పక్కన పెట్టి ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసింది. నాడి చూసింది. బీపీ మిషను తెచ్చి జబ్బకు పట్టీ చుట్టింది. ఆవిడ ఏమీ ఎరగనట్టు చెయ్యి చాపి కూర్చుంది. పట్టీలోకి గాలి ఎక్కుతున్న శబ్దం తప్ప హాల్లో ఏమీ వినపడలేదు. అంతమందీ ఆవిడ వైపే చూస్తున్నారు.

ఐసు బాబాయి ఒకసారి తలుపు వైపు చూశాడు. ఒకసారి సంచీలో నీళ్ళలా మెరుస్తున్న మందు వైపు చూశాడు. ఆవిడ జబ్బ మీద పట్టీ బిగుసుకుంటుంటే చూడలేకపోయాడు.

"ఆమెకేం లేదు. నాకే" అన్నాడు.

నర్సు తిరిగింది.

"వేళ్ళు తెలియట్లేదు. గుండీ పట్టదు. నిన్న టీ గ్లాసుకి చెయ్యి కాలినా తెలియలేదు. అరికాళ్ళు కూడా అంతే, దూది మీద నడిచినట్టుంది. చాలా రోజులైంది. ఐసు వల్ల అనుకున్నా. ఐసు కాదు."

పుట్టి పెరిగాక ఆయన ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు. మాట్లాడాక ఆయాసం వచ్చింది.

నర్సు ఆయన కళ్ళు మూయించింది. "దూది తాకిస్తాను, ఏ వేలో చెప్పండి."

"ముందు తాకించు మరి."

"తాకించాను తాతగారూ."

డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసే. బొబ్బలు చూసి, కాళ్ళు చూసి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే మందు ఆపుతారు."

"ఆపేది ప్లాటినం ఒక్కదాన్నే. మిగతా మందు మానం, అది సాగుతుంది. ప్లాటినం ఇప్పటికే చాలా వాయిలు పడింది, దాని పని చాలావరకు అయిపోయింది. నరాల కణాలు జబ్బు కణాల్లా ఒకటికి రెండవ్వవు. అయినా ఈ లోహం వాటి దగ్గరికి పోయి పేరుకుంటుంది, ఒక పట్టాన వదలదు. ఇంకా పోస్తే జబ్బుకి తగిలేదానికన్నా మీ చేతులకి తగిలేదే ఎక్కువ."

"జబ్బు మళ్ళీ రాదా?"

"రాదని నేను రాసివ్వలేను. మందంతా ఎక్కించినా రాసివ్వలేను. ఇదొక్కటి ఇప్పుడు ఆపినందువల్ల పెద్ద తేడా ఉండదని మాత్రం గట్టిగా చెప్తాను."

ఆయన అరచేతులు చూసుకున్నాడు. "ఇవి?"

"ఆపాక కూడా కొన్నాళ్ళు ఇంకాస్త ఎక్కువవుతుంది, కంగారుపడకండి. తర్వాత నెలల మీద మెల్లగా దిగుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. ముందే చెప్పి ఉంటే మోతాదు తగ్గించేదాన్ని. ఇకనుంచి ఏ చిన్నది ఉన్నా చెప్పండి."

ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. తర్వాత, అది చాలదనిపించి, "చెప్తా" అన్నాడు.

అప్పుడు స్టూలు మీదనుంచి ఆవిడ అడిగింది. "ఒట్టు తీసేసినట్టేనా?"

"తీసేశా."

ఇక చూడండి. బొబ్బలు, గుండీలు, పక్కింటావిడ, బస్సులో పలకరించిన ఆవిడకు చెప్పలేకపోయిన జవాబు, అన్నీ ఒకదాని మీద ఒకటి బయటికొచ్చాయి. నర్సు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. బస్సు డ్రైవరు బేసిను కింద పెట్టేసి, "హమ్మయ్య, నాకు ప్రాణం లేచొచ్చింది" అన్నాడు.

డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. మొదట మరికాస్త ముదిరింది. చేతిలో చెంచా నిలిచేది కాదు. ఎండలు పోయాయి, మందులు కూడా అయిపోయాయి, వాతావరణం చల్లబడింది. కరెంటు కొట్టినట్టుండే ఆ బాధ పోయింది గానీ, ఐసు మీద చెయ్యి పెడితే ఏమీ తెలిసేది కాదు. చెక్క మీద పెట్టినట్టుండేది. చెయ్యి చెప్పదు కాబట్టి ఇక నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

"మధ్యలో తెల్లగా బుడగలు చూశావా, అక్కడ గట్టి తక్కువ. గాటు దానికి తిన్నగా పెట్టు. ఉలి వాల్చకు. కొట్టేటప్పుడు ఊపిరి బిగపట్టకు."

"బావా, ఇన్ని మాటలు వచ్చా నీకు" అన్నాడు బావమరిది. దిమ్మ తిన్నగా రెండయింది. ఇద్దరూ కాసేపు దానికేసి చూశారు.

బావమరిది అలా కొడుతుండగా ఒక ఉదయం, అలవాటుగా దిమ్మకు ఆనించి ఉన్న చేతిని ఐసు బాబాయి చటుక్కున తీసుకుని, మళ్ళీ పెట్టాడు.

"ఇంకోటి కొట్టు" అన్నాడు.

"ఎవరూ అడగలేదుగా బావా."

"కొట్టు."

ఒకటి కొట్టాడు. ఇంకోటి. చేపలమ్మే ఆవిడ వచ్చేసరికి నేలంతా ఐసు ముక్కలు. ఇంట్లో పెళ్ళి జరుగుతున్నంత హడావిడిగా ఐసు బాబాయి భార్య వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతోంది.

"ఏంటిదంతా? ఫ్యాక్టరీ మూసేస్తున్నారా?"

"ఆయనకి అరచేతి దాకా వచ్చింది."

"ఏం వచ్చింది?"

"చలి" అంది ఆవిడ, పిల్లాడికి మొదటి పన్ను వచ్చిందని చెప్పినట్టు. "వేళ్ళకి ఇంకా రాలేదు. వస్తుంది."

ఐసు బాబాయి వాళ్ళ మాటలు వినడం లేదు. అరచెయ్యి ఇంకో దిమ్మకు ఆనించి, బావమరిదికి కనుసైగ చేశాడు.