దిగుళ్ల డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. ఒక ఆదివారం పొద్దున్నే రేపల్లెలోని ఒక ఇంట్లో నా మూలంగా మాటా మాటా పెరిగింది.

"జంతికలు ఎందులో పొయ్యను? మీ బ్యాగులోనా?" అంది సుభాషిణి.

"నాలుగు రోజులు స్టీలు డబ్బాలో సర్దుకో. ఇది పిల్లల మనసులకి సంబంధించిన విషయం," అన్నాడు ఆమె భర్త గోవర్ధనరావు. ఆయన ఆ ఊళ్లో ఒక ప్రైవేటు హైస్కూలు హెడ్మాస్టరు.

"ముందు ఇంట్లో పిల్ల సంగతి చూడండి. కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది. నీళ్లు తాగడం లేదని డాక్టరు చెవినిల్లు కట్టుకుని చెప్పాడు."

"తాగమని రోజూ చెప్తున్నాగా," అంటూ ఆయన నన్ను చంకన పెట్టుకున్నాడు. ఆ బడిలోనే ఎనిమిదో తరగతి చదివే చైత్ర తలెత్తకుండా ఇడ్లీ తింటోంది.

పుట్టుకతో నేను పదిహేను కిలోల నూనె డబ్బాను. ఒక హోటలువాడు నూనె వాడుకుని నన్ను అమ్మేస్తే, రేకుల పనివాడు నా తల కోసి, మూత అమర్చి సుభాషిణికి అమ్మాడు. పన్నెండేళ్లు ఆమె జంతికలకి కాపలా కాశాను. ఇప్పుడు నాకు నీలం రంగేసి, మూతకి చీలిక పెట్టి, పొట్ట మీద 'నీ దిగులు ఇందులో వేయి' అని రాయించారు.

కారణం ఉషారాణి మేడమ్. బళ్లకు వెళ్లి, పిల్లల బాగోగులు ఎలా చూస్తున్నారో పరిశీలించి, లోపాలు సరిదిద్దుకోవడానికి సాయం చేయడం ఆవిడ పని. ఇందులో మార్కులుండవని ఆవిడ ఫోనులో రెండుసార్లు చెప్పింది. మార్కులు లేని పరీక్ష ఉంటుందంటే నమ్మడానికి గోవర్ధనరావు హెడ్మాస్టరు కాకపోయి ఉండాలి. ఆవిడ వచ్చేసరికి మాసిపోతాయని, ఆడపిల్లలకి కొత్తగా కట్టించిన మరుగుదొడ్లకి నెల ముందే తాళం వేశాడు. అవసరమైనవాళ్లు ఆయన గదికి వచ్చి, ఆయన్నే తాళంచెవి అడగాలి.

నన్ను కూడా ఆయన బల్ల మీదే పెట్టారు. టీచరు బోర్డు మీద 'నాకు ఏ దిగులూ లేదు' అని రాసి పెడితే, పిల్లలు వరసగా ఎక్కించుకుని తెచ్చి వేశారు. ఒక బుద్ధిమంతుడు బోర్డు మూలనున్నది కూడా వదలకుండా 'హాజరు 41, గైర్హాజరు 2' అని రాశాడు.

శుక్రవారం వచ్చిన మేడమ్ అన్నీ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. "సార్, రాని ఆ ఇద్దరికీ కూడా దిగుల్లేదా?" అంది. నన్ను తీసుకెళ్లి కుళాయిల పక్కన, ఎవరి గదిలోంచీ కనపడని చోట పెట్టింది. "పేర్లు వద్దు. టీచర్లు దగ్గరికి రావద్దు. వారం తర్వాత మనిద్దరం కలిసి తెరుద్దాం."

ఆయన ఐదు రోజులు ఓపిక పట్టాడు. ఆరో రోజు సాయంత్రం నన్ను ఇంటికి మోసుకొచ్చి చీటీలన్నీ మంచం మీద కుమ్మరించాడు. ఆటల పీరియడ్‌లో లెక్కలు వద్దని పదిమంది రాశారు. లోపల జంతికలున్నాయా, వాసనొస్తోంది అని ఒకరు అడిగారు. మిగతావి చదువుతూ ఆయన ఒక్కొక్కటే పక్కన పెట్టసాగాడు. 'బాత్రూం తాళం తీయించండి. సార్‌ని అడగాలంటే సిగ్గు. అందుకే నీళ్లు తాగం.' మాటలు వేరు, సంగతి ఒకటే. లెక్కపెడితే పద్నాలుగు.

రాత్రి కంచం ముందు కూర్చున్నాడే గాని అన్నం కలపలేదు. జేబులోంచి ఒక చీటీ తీశాడు.

"చైత్రా, ఇది నీ రాతేనామ్మా?"

"కాదు నాన్నా."

"మరి నీదేది?"

"నేను వెయ్యలేదు." ముద్ద కలుపుతూ, "డబ్బా మనింటికొస్తుందని తెలుసుగా," అంది.

"తాళంచెవి కావాలంటే అడిగి తీసుకోమన్నాను కదే..."

"అడిగి తీసుకోడానికి అదేమన్నా చాక్‌పీసా అండీ?" అంది సుభాషిణి, ఆయన కంచంలో పప్పు వేస్తూ.

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరవాత, బళ్లో ప్రకటన చదివే గొంతుతోనే చెప్పాడు.

"రేపు ప్రార్థన కంటే ముందే ఆ తాళం పగలగొట్టిస్తున్నాను. తీయించడం కాదు, పగలగొట్టడమే. తాళమంటూ మిగిలితే మళ్లీ వెయ్యబుద్ధేస్తుంది నాకు. డబ్బా ఇకనించి మేడమే తెరుస్తుంది."