చక్రాలున్న పెట్టె

నాలుగున్నర అయింది. ఆఫీసు మూయడానికి ఇంకా అరగంటే ఉంది.

తాళాల మేస్త్రి మెట్ల కింద చక్రాల కుర్చీలో కూర్చుని పైకి చూస్తున్నాడు. ఇరవై రెండు మెట్లు. గుర్తింపు కార్డుకు పేరు నమోదు చేసే గది మేడ మీద ఉంది. ఈ సాయంత్రంలోగా నమోదు కాకపోతే బజారులో ఆయనకు కేటాయించిన కొట్టు ఇంకొకరి పాలవుతుంది. ఊళ్లో ఆయన తెరవలేని తాళం లేదు. ఎక్కలేని మెట్లు మాత్రం ఉన్నాయి.

ఇక్కడికి రావడం ఇది మూడోసారి. మొదటిసారి "ఎవరితోనైనా మోయించుకుని రా" అన్నారు. రెండోసారి మోయబోయిన బావమరిది నడుం పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు.

ఈసారి భార్యే పైకెక్కింది.

"అయ్యా, ఫొటో, వేలిముద్రలు తీసే మిషను ఒక్కసారి కిందికి తెండి. అయిదు నిమిషాల పని."

"ఇది ప్రభుత్వ మిషనమ్మా! మీ ఇంట్లో కుట్టు మిషను అనుకున్నావా, అటూ ఇటూ తిప్పడానికి?" అన్నాడు అధికారి.

ఆమె మిషను వైపు చూసింది. నల్లటి పెట్టె. పైన పిడి, కింద చక్రాలు. బల్లకు కలిపి గొలుసు, గొలుసుకు గుప్పెడంత తాళం. మూత మీద అంటించిన కాగితాన్ని ఆమె గట్టిగా చదివింది. "రాలేనివారి వద్దకు తీసుకువెళ్లవలెను."

అధికారి ఆ కాగితాన్ని అరచేత్తో కప్పేశాడు.

"బాగుందయ్యా! చక్రాలున్న పెట్టె దిగదు, చక్రాలున్న మా ఆయన ఎక్కడు. ఇక పెళ్లిచూపులు ఎప్పుడు?"

క్యూలో జనం గొల్లుమన్నారు.

"దొంగల భయమమ్మా..." అధికారి చెమట తుడుచుకున్నాడు. "తాళంచెవి పోయి రెండేళ్లయింది. తాళం తీసేవాణ్ణి ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణించి తెమ్మంటావు?"

ఆమె కిటికీ చూపించింది. "అదిగో, కిందే ఉన్నాడు."

అధికారి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మేస్త్రీ! కాస్త పైకొచ్చి ఈ తాళం..." అంతలోనే నాలుక కరుచుకున్నాడు.

"తాళాన్నే పంపండి సార్!"

"గొలుసుకుందయ్యా!"

"గొలుసు పంపండి!"

"అది బల్లకుంది!"

"అయితే బల్ల పంపండి!"

నాలుగూ నలభై. క్యూలోంచి నలుగురు బల్ల ఎత్తారు. వెనకాలే అధికారి. మెట్ల మలుపులో బల్లకూ గోడకూ మధ్య ఆయన ఇరుక్కుపోయాడు.

"ఎవడయ్యా ఈ మెట్లు కట్టింది!"

"నేను మూడుసార్లు వచ్చి అడిగిందీ అదే సార్!" అని కిందినుంచి వినబడింది.

నాలుగూ యాభై. బల్ల కిందికి చేరింది.

"ముందు తాళం తియ్యి," అన్నాడు అధికారి రొప్పుతూ.

"ముందు ఫొటో తియ్యండి సార్."

బ్యాటరీ మిషను. ఫొటో, వేలిముద్రలు, రసీదు, అన్నీ అయిదుకు రెండు నిమిషాలుందనగా అయిపోయాయి. రసీదు జేబులో పెట్టుకున్నాకే మేస్త్రి వంపు తీగ బయటికి తీశాడు. టక్! తాళం ఊడి అధికారి చేతిలో పడింది.

అధికారి దాన్ని మేస్త్రికే ఇచ్చేశాడు. "నువ్వే ఉంచుకో. పెట్టెకు ఇక తాళం వద్దు. లోపం నీ కాళ్లలో ఉందనుకున్నానయ్యా ఇన్నాళ్లూ."

ఆ బల్లను మళ్లీ పైకి మోయడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. నమోదు గది ఆనాటినుంచి కిందే ఉంది.

మీకు తెలిసిన ఆఫీసుల్లోనూ ఇలాంటి పెట్టె ఒకటి గొలుసుతో పడి ఉందేమో, ఒకసారి చూడండి. మనిషి మెట్లెక్కలేనప్పుడు దిగి రావలసింది ఆఫీసే. అది దయ కాదు, దాని పని.