రెండో బ్రేకు

ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో రెండు మూడు వేలమందికి తక్కువుండరు. ఎదురుపడితే "మాస్టారూ" అంటారు. పక్కకు తిరిగితే "బ్రేకు మాస్టారు" అంటారు. పేరు ఊరికే రాలేదు. నేర్పే బండిలో నడిపేవాడికి ఒక బ్రేకు ఉంటుంది, పక్కన కూర్చున్న మాస్టారి కాలి కింద ఇంకోటి ఉంటుంది. ఆ రెండోదాన్ని ఇరవై రెండేళ్ళుగా తొక్కీ తొక్కీ, ఆయన కుడికాలికి సొంత బుద్ధి పుట్టుకొచ్చింది. బస్సెక్కితే నేలను తొక్కుతుంది. క్షవరానికి కూర్చుంటే కత్తి చెవి దగ్గరకు రాగానే తొక్కుతుంది. ఇంట్లో టీవీలో కార్లు తరుముకుంటుంటే టీపాయి కాలు విరిగింది.

పెళ్ళాం ఆరేళ్ళు భరించి వెళ్ళిపోయింది. ఎందుకెళ్ళిందని ఎవరైనా అడిగితే, "సిగ్నల్ ఇవ్వకుండా తిరిగింది" అంటాడు. అందులో నాలుగేళ్ళు ఆవిడ సిగ్నల్ ఇస్తూనే ఉందని ఆయన అక్క అంటుంది.

ఆ తర్వాత అక్క నాలుగు సంబంధాలు చూసింది. నలుగురినీ ఈయన కలిశాడు, నలుగురినీ ఫెయిల్ చేశాడు. ఇదేదో మాటవరసకు అంటున్నది కాదు. తన డ్రైవింగ్ స్కూల్లో అచ్చేసిన పరీక్ష కాగితం ఒకటుంది, దాన్నే జేబులో పెట్టుకెళ్ళేవాడు. మళ్ళీ వేరే కాగితం ఎందుకు దండగ అని. "వెనుక అద్దము చూచుట" అన్నచోట ఒకామెకు సగం మార్కులు కోశాడు, సంచీలోంచి అద్దం తీసి మరీ ఎక్కువసార్లు చూసుకుందని. "అనవసరముగా హారన్ మోగించుట" అన్నచోట ఒకామెకు సున్నా వేశాడు, వెయిటర్‌ను రెండుసార్లు పిలిచిందని. నాలుగో ఆమెకు వంక పెట్టడానికేమీ దొరకలేదు. ఇంత మంచిది ఇన్నాళ్ళు ఎందుకు ఖాళీగా ఉంది, ఏదో దాస్తోందని ఆమెనూ తప్పించాడు. తనలాంటి బంగారుకొండ ఎందుకు ఖాళీగా ఉన్నాడో మాత్రం ఆలోచించలేదు.

ఇంతలో బావకు బదిలీ అయింది. రెండు నెలల్లో అక్కావాళ్ళు వెళ్ళిపోతారు. ఈయన మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తినేది వారానికి ఒక్క పూట, ఆదివారం, అక్క ఇంట్లో. మిగతా రోజులు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, రోడ్డు మీద ఎవడెలా తోలుతున్నాడో తిట్టుకుంటూ తింటాడు. ఇక ఆ ఒక్క పూట కూడా ఉండదు.

"ఇదే ఆఖరిదిరా తమ్ముడూ," అంది అక్క. "రొట్టెల వ్యాను తోలుతుంది. నలభై రెండు. మొగుడు పోయి ఏడేళ్ళు. దీన్నీ తగలేశావంటే ఇంక నువ్వూ నీ కిటికీ ఊరేగండి."

మేనకోడలు మధ్యలో దూరింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఫోన్లో చదివి లోకాన్ని ఉద్ధరిస్తుంటుంది. "మామయ్యా, నువ్వు ఇంటర్వ్యూ చేస్తావు, అదీ నీ రోగం. మొదటిసారి కలిసినప్పుడు రిలాక్స్‌డ్‌గా ఉండాలి."

"ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా?"

"అదిగో చూడు! సరే, గంటన్నర. పెద్ద హోటలూ, సూటూ వద్దు. నీకు అలవాటైన చోటు, అలవాటైన పని ఏదన్నా ఇద్దరూ కలిసి చెయ్యండి. అప్పుడు మనిషి అసలు రంగు తెలుస్తుంది, కుదురుతుందో లేదో తేలిపోతుంది."

ఈ పిల్ల ఇలాగే రిలాక్స్ అవుతూ అవుతూ రెండేళ్ళలో పదకొండుమందిని వదిలేసింది. అయినా సలహా చెప్పడానికి బోణీ అయ్యుండాలని ఎక్కడుంది! మాస్టారు మాత్రం బుద్ధిమంతుడిలా తలాడించి, తనకు అలవాటైన చోటు ఏదా అని రాత్రంతా ఆలోచించాడు. తెల్లారాక ఒక్కటే తట్టింది. నేర్పే బండిలో పక్క సీటు.

మంగళవారం పదింటికి ఆవిడ స్కూలు గేటు దగ్గరకు వచ్చింది. మడమ లేని చెప్పులు, పైకి మడిచిన చొక్కా చేతులు, ఎండకు కమిలిన మోచెయ్యి ఒకటే, వ్యాను కిటికీ వైపుది. మాస్టారు నమస్కారం పెట్టి తాళాలు చేతికిచ్చాడు.

"మీరే నడపండి. అలా తిరిగొద్దాం."

"మంచిదేనండీ," అని నవ్విందావిడ. "ఇప్పటిదాకా వచ్చినవాళ్ళంతా నన్ను పక్కన కూర్చోబెట్టి తిప్పేవాళ్ళే. మీరు నయం."

మొదటి మలుపులో అద్దం చూసింది, సిగ్నల్ ఇచ్చింది, వేగం తగ్గించింది. మాస్టారికి సోదాకొచ్చి ఖాళీ చేతులతో తిరిగెళ్ళే పోలీసులా అనిపించింది. రెండో మలుపులో స్టీరింగు మీద ఒక్క అరచెయ్యి ఆనించి, పిండిముద్దను తిప్పినట్టు తిప్పేసింది. ఈయన కాలు వెంటనే పని మొదలెట్టింది. బండి ఎగిరి ఆగింది.

"ఏవండీ, మీ బండికి బ్రేకులు పట్టేస్తున్నాయి."

"పాత బండి లెండి," అన్నాడాయన, రోడ్డు వంక చూస్తూ.

కుక్క అడ్డొచ్చింది, బండి ఎగిరి ఆగింది. గతుకు వచ్చింది, మళ్ళీ అదే పని. సైకిలుమీద పోతున్న ముసలాయన్ని దాటబోతుంటే మరోసారి ఆగితే, వెనకాల లారీవాడు హారన్ కొట్టి ఇద్దరి పెద్దల్నీ తలుచుకున్నాడు. ఆవిడ బండిని పెట్రోలు బంకు పక్కకు లాగి ఆపింది. దిగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూసింది. తర్వాత ఇటువైపు వచ్చి తలుపు తీసి వంగింది. మాస్టారి కాలు ఇంకా ఆ రెండోదాని మీదే ఉంది.

"ఇదేంటండీ?"

"బ్రేకు."

"నా బ్రేకు అటుంది గదా."

"ఇది రెండోది."

"అంటే ఇందాకట్నుంచి కుక్కకీ గతుక్కీ సైకిలు తాతకీ..."

"మీరు తొక్కుతారో లేదోనని."

"తొక్కనిస్తే గదా తొక్కేది! అయ్యా మాస్టారూ, పదహారేళ్ళుగా తోలుతున్నా. తెల్లారేసరికి ముప్పై ఎనిమిది కొట్లకు రొట్టెలేస్తా. వ్యానుకు ఒక్క గీత లేదు." అప్పుడు ఆయన జేబులోంచి తొంగి చూస్తున్న కాగితం కంటబడింది. అడక్కుండానే లాగింది. చదివింది. "చౌరస్తాలో ప్రవర్తన. అబ్బో! ఇంతకీ నాకెన్నొచ్చాయి?"

"ఇంకా వెయ్యలేదండీ."

"మనువు మాట్లాడుకుందామంటే వచ్చాను గానీ లైసెన్సుకు రాలేదే నేను." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలోనే పెట్టింది. కోపంగా వెళ్ళిపోతుందనుకున్నాడు. వెళ్ళలేదు, నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆయన కాలి వంకే చూసింది. "కాళ్ళు రెండూ పైకి పెట్టండి. బాసింపట్టు వేసుకుని కూర్చోండి."

"సీట్లోనా?"

"మరి టాపు మీదా? మార్కెట్లోంచి పోయి వంతెన దాటిస్తాను. ఈలోగా కాలు కింద పెట్టారా, నేనక్కడే దిగి బస్సెక్కుతా, మీ బండిని మీరే తోలుకుపోండి. పెట్టలేదూ, అవతల టీ కొట్టుంది, కూర్చుని మాట్లాడుకుందాం, మళ్ళీ కలుద్దామా వద్దా అని."

నలభై ఆరేళ్ళ మోకాళ్ళు టపటపమంటూ మడతపడ్డాయి. మాస్టారు సీటు బెల్టు కింద పురాణం చెప్పబోయే శాస్త్రిలా కుదురుకున్నాడు. సిగ్నల్ దగ్గర పక్క బండిలోని చంటిది ఆయన్ని చూసి దండం పెట్టింది.

మార్కెట్ వచ్చింది. తోపుడుబండ్లు, బయటికి పొడుచుకొచ్చిన ఇనప గొట్టాలు, ఫోను చూసుకుంటూ రోడ్డు దాటే మహానుభావులు. తొడ కింద కుడికాలు చేపపిల్లలా కొట్టుకుంది. బొటనవేలిని గుప్పిట్లో పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు, ఇంకా భయమేసి తెరిచాడు. బండి కూరగాయల లారీ వెనక ఇరుక్కుపోయి పావుగంట సేపు జానెడు జానెడు జరిగింది. ఆ పావుగంటలో ఆవిడ మొగుడి సంగతి చెప్పింది. తొమ్మిదేళ్ళలో ఆయన తన పక్కన కూర్చుని అరవని రోజు లేదట. "అదిగో, ఇదిగో, చూడవే, ఆపవే అనేవాడు పాపం. మంచోడే. నోరే స్టీరింగు." మాస్టారు ఊఁ కొట్టాడు.

లారీ కదిలింది. వంతెన ఎక్కేచోట సందులోంచి ఒక కుర్రవెధవ మోటారుసైకిలు మీద బాణంలా వచ్చి పడ్డాడు. మాస్టారి బుర్ర కాలికి హుకుం ఇచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేనిది, కాలు వినలేదు. ఆవిడ బండి ఆపేసింది. కుర్రాడి చక్రానికీ బండికీ మధ్య బెత్తెడు. వాడు నవ్వి పోయాడు.

ఆవిడ పక్కకు తిరిగి చూసింది. మాస్టారు బాసింపట్టులో నిశ్చలంగా ఉన్నాడు.

వంతెన అవతల, రెండు లారీల మధ్య ఉన్న ఖాళీలోకి ఒకే రివర్సులో బండిని దూర్చింది. దిగి వచ్చి ఆయన వైపు తలుపు తీసి పట్టుకుంది. ముఖం మెత్తబడింది.

"మీ వల్ల కాదనుకున్నానండీ. ఆ కుర్రాడు అడ్డొచ్చినప్పుడు నాకే గుండె ఆగింది. మీరు కదల్లేదు. నన్నట్లా నమ్మి కూర్చున్నవాళ్ళు ఇంతవరకూ లేరు. రండి, టీ తాగుదాం."

మాస్టారు లేవలేదు. లేవడానికి నడుం కింద ఆయనకంటూ ఏమీ లేదు. రెండు కాళ్ళూ ఎవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి. ఓ ఐదు నిమిషాలు ఫోను చూస్తున్నట్టు నటిస్తే సరిపోయేది. తిమ్మిరి దిగేది, ఆయన కూడా దిగేవాడు, ఆవిణ్ణి నమ్మినవాడిగా. లోకంలో సగం కాపురాలు ఇంతకంటే చిన్న అబద్ధం మీదే నడిచిపోతున్నాయి. అయితే ఆయనకో జబ్బుంది. పరీక్ష అధికారి ఆవలిస్తుండగా పాసైపోయినవాణ్ణి జన్మలో గౌరవించలేడు.

"నమ్మకం కాదండీ," అన్నాడు.

"ఏంటి?"

"తిమ్మిరి. తొక్కుదామనే అనుకున్నా. కాలు రాలేదు."

ఆవిడ ముఖంలో మెత్తదనం ఎలా వచ్చిందో అలాగే పోయింది.

"ఆ ముక్క మింగేస్తే మీ సొమ్మేం పోయేదండీ?"

"ఏం పోయేది కాదు. ఇంకోసారి కలిస్తే మళ్ళీ తొక్కుతాను గదా. ఇవాళే తెలియడం నయం."

"ఇంకోసారి కూడా తొక్కుతారా?"

"ఇరవై రెండేళ్ళదండీ. ఒక్క తిమ్మిరితో పోదు."

ఆవిడ తాళాలు చేతిలో ఎగరేసి పట్టుకుంది. "నేను పోయి టీ తాగుతా. మీ టీ ముందే చెప్పి చల్లార్చను. కాళ్ళొచ్చాక రండి." తాళాలతో సహా వెళ్ళిపోయింది. టీ కొట్టు అవతలే బస్టాపు ఉంది. మాస్టారు అద్దంలోంచి అటే చూశాడు. బస్సొచ్చింది, ఆగింది, పోయింది. ఆవిడ బల్ల మీదే ఉంది.

రెండు చేతులతో ఒక్కో కాలూ ఎత్తి బయట పెట్టాడు. లక్ష చీమలు ఒక్కసారి కుట్టాయి. తలుపు పట్టుకుని, లారీ పట్టుకుని, ఆ తర్వాత పట్టుకోవడానికేమీ లేక, తాగినవాడిలా ఊగుతూ, మూలుగుతూ పది అడుగులు వేశాడు.

టీ కొట్టతను గరిటె ఆపి చూశాడు. "అయ్యో, ఏమ్మా, మీ ఆయనకు పక్షవాతమా?"

"మా ఆయన కాదులే. ఇంకా చూస్తున్నా," అంది ఆవిడ. అని, బల్ల మీద పక్కనున్న తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కాస్త జరిగింది.